పాట ఎత్తుగడకు గిటార్ శ్రుతి

గిటార్ ఆరు తీగలను మామూలుగా లావు తీగ నుంచి సన్న తీగ వరకు ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ స్వరాలకు బిగిస్తారు. కార్డులు పట్టే చేతికి వీలుగా ఉంటుందని స్థిరపడిన వరస ఇది. తెలిసిన కీర్తన ఎత్తుగడను ఒంటి గిటార్ మీద పలికించబోతే మాత్రం ఈ వరసతోనే చిక్కు వస్తుంది. డీని ఆధార షడ్జమంగా పెట్టుకుంటే, అంటే రెండు శ్రుతిలో వాయిస్తే, నొక్కకుండా వదిలిన తీగలు రి, ప, స, మ, ధ, రి అని పలుకుతాయి. ‘వాతాపి గణపతిం’ హంసధ్వని రాగం. అందులో మధ్యమమూ లేదు, ధైవతమూ లేదు. వేలు పొరపాటున జీ తీగకో బీ తీగకో తగిలిందంటే రాగంలో లేని స్వరం మోగుతుంది. అందుకే శ్రుతి ఎంచుకునేటప్పుడు వేళ్ల సౌకర్యం కంటే ముందు, నొక్కని తీగ ఏ స్వరం పలుకుతుందో చూసుకోవాలి.

పరాయి వాయిద్యాన్ని మన శ్రుతికి తిప్పుకోవడం దక్షిణాదిలో పాత పనే. ‘వాతాపి’ రచించిన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన తొలివారిలో ఒకరు. పాశ్చాత్యులు జీ, డీ, ఏ, ఈలకు బిగించే ఆ నాలుగు తీగలూ మన కచేరీల్లో స, ప, స, పలుగా మారాయి. మెట్టన ఉన్న జంగారెడ్డిగూడెం నుంచి డెల్టాలోని పాలకొల్లు దాకా పాత పశ్చిమ గోదావరి జిల్లా వారికి ఇంకా దగ్గరి ఉదాహరణ మాండొలిన్ శ్రీనివాస్. ఆయన 1969లో పాలకొల్లులో పుట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగ మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో శ్రీనివాస్ తొలి కచేరీ జరిగింది. మాండొలిన్‌కు నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగలను ఒకే వేలితో పక్కకు లాగితే రెండూ సమానంగా సాగవు, గమకం చెదురుతుంది. శ్రీనివాస్ జతలను వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. కింది స్థాయి స్వరాలకూ చోటు దొరికింది. తీగల అమరికను రాగానికి లొంగదీసిన ఆ ధైర్యం గిటార్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ గమనించదగ్గది.

గిటార్‌లో ఇందుకు బాగా పనికొచ్చే శ్రుతి డీ, ఏ, డీ, జీ, ఏ, డీ. బ్రిటిష్ వాద్యకారుడు డేవీ గ్రాహమ్ 1960లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. లెడ్ జెప్పెలిన్ బృందం 1975లో విడుదల చేసిన ‘కశ్మీర్’ ఎత్తుగడ ఇందులోదే. లావుదైన ఆరో తీగ, రెండో తీగ, సన్నదైన ఒకటో తీగ ఒక్కొక్కటీ రెండు ఫ్రెట్లంత దించితే చాలు. మన లెక్కలో స, ప, స, మ, ప, స. త్యాగరాజ పంచరత్నాల్లో ‘ఎందరో మహానుభావులు’ శ్రీరాగం. ఈ మూడు స్వరాలూ ఆ రాగానివే. ఒకటో తీగ మీద రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్, మళ్లీ రెండు, ఆపైన వదిలిన తీగ: రి, గ, రి, స. శ్రీరాగం మొహం కనబడే పలుకు ఇదే. కింద బొటనవేలు లావు తీగలను మీటుతుంటే, వీణ తాళపు తీగల్లా షడ్జమ పంచమాలు ఆగకుండా మోగుతాయి.

హంసధ్వనికి ఈ శ్రుతీ సరిపోదు, మూడో తీగ మధ్యమం కనుక. దాన్ని అర స్వరం దించి అంతర గాంధారం చేస్తే స, ప, స, గ, ప, స అవుతుంది. ఒకటో తీగ వదిలేసి, తర్వాత 2, 4, 7, 11, 12 ఫ్రెట్లు నొక్కితే ఆరోహణ మొత్తం ఒకే తీగ మీద దొరుకుతుంది. మూడో తీగను పైకి బిగించి పంచమం చేయడమూ ఒక దారే, కానీ తీగ మీద భారం పెరుగుతుంది. దించడమే మేలు.

ఈ గాంధారం దగ్గర చెవిని నమ్మాలి. ట్యూనర్ ఈ స్వరాన్ని 185 హెర్ట్జ్ దగ్గర సరి అంటుంది. నాలుగో తీగ షడ్జమం 146.8. దానికి నాలుగింట ఐదు వంతులు కడితే వచ్చే స్వచ్ఛమైన గాంధారం 183.5. రెండు తీగలూ కలిపి మీటి శ్రద్ధగా వింటే, ట్యూనర్ చెప్పిన చోట సెకనుకు సుమారు ఆరుసార్లు నాదం వణుకుతుంది. కీని నెమ్మదిగా దించుతూ పోతే వణుకు పలచబడి, ఒకచోట ఆగిపోతుంది. తంబురా పక్కన కుదిరేది అక్కడే. అయితే అదే తీగ మీద నొక్కే స్వరాలన్నీ ఆ మేరకు తగ్గుతాయి కాబట్టి, రాగం నడకను ఒకటి, రెండు తీగల మీదే ఉంచుకోవడం మంచిది. మధ్యమ పంచమాలకు ఈ తేడా దాదాపు ఉండదు.

దించిన తీగ వదులై గమకానికి సులువుగా లొంగుతుంది. మరీ సన్నని తీగలైతే ఫ్రెట్లకు తగిలి గరగరమంటాయి, కాస్త లావువి వేసుకోవాలి. దించేటప్పుడు కావలసిన స్వరం కంటే కిందికి పోయి, అక్కడి నుంచి పైకి తెస్తే తీగ నిలబడుతుంది. పాడేవారిది మూడు శ్రుతి అయితే రెండో ఫ్రెట్ మీద, ఐదు శ్రుతి అయితే ఐదో ఫ్రెట్ మీద, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే కేపో బిగిస్తే సరి. వరస మారదు. కచేరీలో ‘వాతాపి’ సాధారణంగా ముందుగా వస్తుంది. అది ముగిశాక శ్రీరాగానికి వెళ్లాలంటే తిప్పాల్సింది మూడో తీగ కీ ఒక్కటే, పైకి అర స్వరం.