మాయం చేయడం: అర్జెంటీనా నియంతృత్వం, భయం పనిచేసే తీరు

1976 మార్చి 24న అర్జెంటీనాలో సైన్యం అధికారాన్ని హస్తగతం చేసుకుంది. జనరల్ విదేలా నాయకత్వంలోని ఆ ప్రభుత్వం సాయుధ గెరిల్లాలనే కాదు, కార్మిక నాయకులను, విద్యార్థులను, న్యాయవాదులను, పాత్రికేయులను కూడా శత్రువులుగానే చూసింది. వారిని అణచివేయడానికి అది ప్రధానంగా ఎంచుకున్న సాధనం ఉరికంబం కాదు, బహిరంగ విచారణా కాదు. మనుషులను మాయం చేయడం. చంపగల బలం ఉన్న నియంత ఆ చావును దాచడం దేనికి?

సాధారణ దుస్తుల్లో సాయుధులు వచ్చి, నంబరు ప్లేటు లేని కార్లలో మనుషులను ఎత్తుకుపోయేవారు. దేశమంతటా వందలాది రహస్య నిర్బంధ కేంద్రాలు నడిచాయి. కుటుంబం హెబియస్ కార్పస్ పిటిషను వేస్తే, అటువంటి వ్యక్తి తమ అదుపులో లేడని అధికారులు బదులిచ్చేవారు. అరెస్టు నమోదు కాలేదు కనుక ఖైదీ లేడు. శవం లేదు కనుక హత్య లేదు. చట్టానికి పట్టు దొరకలేదు.

అంతకన్నా లోతైన దెబ్బ ఇంటివారికి తగిలింది. మరణవార్త దుఃఖాన్నిస్తుంది, ఆ దుఃఖం ఆగ్రహం కావచ్చు, శవయాత్రే నిరసన ప్రదర్శన కావచ్చు. జాడ తెలియనప్పుడు అలా జరగదు. బిడ్డ బతికే ఉన్నాడేమో, తాము నోరు విప్పితే వాడికి కీడు జరుగుతుందేమోనని తల్లిదండ్రులు వెనకాడతారు. వారి ఆశే వారి నోటికి తాళమవుతుంది. ఇరుగుపొరుగువారు "ఏదో చేసే ఉంటాడు, ఊరికే పట్టుకుపోతారా" అని తమకు తాము నచ్చజెప్పుకొన్నారు. ఏది నేరమో తెలియని చోట మనిషి అన్నిటికీ భయపడతాడు. అధికారిక విచారణ సంఘం 1984లో నమోదు చేసిన అదృశ్యాలు దాదాపు 9,000. హక్కుల సంఘాల లెక్క 30,000. మౌనం వహించినది మాత్రం రెండున్నర కోట్లకు పైబడిన జనం.

ఆ మౌనాన్ని ముందుగా ఛేదించినవారు తల్లులే. 1977 ఏప్రిల్ 30న పద్నాలుగురు స్త్రీలు బ్యూనస్ ఎయిర్స్‌లో అధ్యక్ష భవనం ఎదుటి ప్లాజా దె మాయోలో కలుసుకున్నారు. గుమికూడరాదని పోలీసులు అంటే, జంటలుగా నడవసాగారు. వారిని కూడగట్టిన అసుసేనా విల్లాఫ్లోర్‌ను అదే ఏడాది డిసెంబరులో మాయం చేశారు. సముద్రం ఒడ్డుకు చేర్చిన ఆమె దేహాన్ని అనామకురాలిగా పాతిపెట్టారు. 2005లో జన్యుపరీక్ష ఆమెను గుర్తించింది. ఎత్తునుంచి పడినప్పుడు కలిగే విరుపులు ఆ ఎముకలలో కనిపించాయి. ఖైదీలను విమానాలనుంచి సముద్రంలోకి తోసేవారన్న సాక్ష్యాలతో ఇది సరిపోయింది.

ఈ చరిత్రలో వైద్యులు ఇరువైపులా ఉన్నారు. నిర్బంధంలో పుట్టిన శిశువులకు తప్పుడు జనన ధ్రువపత్రాలు రాసిచ్చినవారు కొందరు. మరోవైపు, తల్లిదండ్రులు లేకపోయినా అమ్మమ్మ, తాతయ్యల రక్తంతోనే మనుమల వంశాన్ని నిర్ధారించే పద్ధతిని మేరీ క్లెయిర్ కింగ్ వంటి జన్యుశాస్త్రజ్ఞులు రూపొందించారు. అందుకోసం 1987లో జాతీయ జన్యు సమాచార నిధి ఏర్పడింది. ఇప్పటికి 130 మందికి పైగా తామెవరో తెలుసుకోగలిగారు.

అదృశ్యమైనవారికి ఏమైందో తెలుసుకోవడం బాధితుల హక్కని 2006నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకటించింది. భారతదేశం 2007లో దానిపై సంతకం చేసినా ఇంకా ధ్రువీకరించలేదు. అమెరికా సంతకమే చేయలేదు. ప్రభుత్వం అదుపులోకి తీసుకున్న ప్రతి మనిషి పేరూ ఎక్కడో ఒక చోట నమోదు కావాలన్నది చిన్న కోరికలా కనిపిస్తుంది. ఆ నమోదు లేకపోవడం మీదనే అర్జెంటీనాలో ఏడేళ్ల భయం నిలబడింది.