పిల్లల జబ్బుకు ఫోనులో వైద్యం: నేతయిండ్లకు అందేదెట్లా?

ఒడుగత్తూరు జవ్వాది కొండల పాదాన ఉన్న ఊరు. రాత్రివేళ బిడ్డకు ఒళ్లు కాలిపోతూ డొక్కలెగురుతుంటే, బండి ఎట్లా, రూకలెట్లా, రేపటి నేత ఎట్లా అన్నదే మన తల్లులకు మొదటి ఆలోచన. ఆ ఆలోచనలో గడచిపోయే గంటలే పసివాండ్ల ప్రాణాలకు ముప్పు.

వైద్యమే రోగి వద్దకు రావడం మన సీమకు క్రొత్త కాదు. గత శతాబ్దపు తొలి సంవత్సరాలలో డాక్టరు ఐడా స్కడ్డరు వేలూరు నుండి గుడియాత్తానికి పోతూ, దారి ప్రక్కన చెట్ల క్రిందనే రోగులను చూచేవారు. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండ ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా దూరపు వైద్యులతో కలిపారు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని ద్వారా ఇంటి నుండే వైద్యుని చూచి మాట్లాడే వీలు కలిగింది. దానికి రుసుము లేదు.

రుసుము లేనంత మాత్రాన అందరికీ అందినట్లా? మంచి ఫోను ఇంటికి ఒకటే. అది సరుకు అప్పగించ పోయిన మగవాని జేబులో ఉంటుంది. బిడ్డ కండెలు చుట్టే అవ్వ వద్ద ఉంటుంది. అవ్వకు జబ్బు మాటలు తెలుగులో వచ్చును. అవతలి వైద్యునికి తెలుగు రాకపోవచ్చును. సాదా ఫోను మాత్రమే కలవారు తమిళనాడులో 104 నంబరుకు మాట్లాడి సలహా పొందవచ్చును.

2020 నాటి దూరవైద్య నిబంధనల ప్రకారం 16 ఏండ్ల లోపు బిడ్డ ప్రక్కన పెద్దవారు ఒకరు ఉండవలెను. ప్రాణాపాయమైతే ఫోనులో ప్రథమ చికిత్స చెప్పి ఆస్పత్రికి పంపడమే వైద్యుని పని. 2023 మేలో ఆనైకట్టు తాలూకా అల్లేరి కొండలో పాము కరచిన పసిబిడ్డ, సరియైన రోడ్డు లేక, ఆస్పత్రి చేరేలోగానే కన్నుమూసింది. పాము విషానికి ఫోను మందు కాదు. ఫోను వచ్చినది గదా అని రోడ్డును, 108 బండిని అడగడం మానరాదు.

కనుక ఏది ఫోనుకు, ఏది బండికి అన్నది ప్రతి తల్లికి తెలియవలెను. బిడ్డ పాలు, నీళ్లు త్రాగలేకపోయినా, త్రాగినదంతా కక్కినా, ఫిట్సు వచ్చినా, లేపినా లేవకున్నా, డొక్కలెగురుతున్నా ఆగక 108కి చెప్పవలెను. గడియారం చూచి, బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు, నిండు నిమిషం ఊపిరి లెక్కించండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40, లేక అంతకు మించితే వెంటనే వైద్యునికి చూపవలెను. పడుగు పోగులు లెక్కించే చేతులకు ఇదొక కష్టమా?

సంఘాలవారికి ఒక మనవి. ప్రతి నేతవీధిలో సంఘపు ఫోను ఒకటి, అది నడపగల యువతి లేక యువకుడు ఒకరు ఉండవలెను. వైద్యుడు ఏ వేళల్లో దొరుకునో ముందే కనుక్కొని, 104, 108 నంబర్లతో పాటు గోడపై వ్రాయించవలెను. జబ్బు మాటలను తెలుగు, తమిళాలలో ప్రక్కప్రక్కనే అచ్చు వేయించి ఇంటింటికి ఇవ్వవలెను. దీనికయ్యే ఖర్చు స్వల్పం. పోగు తెగితే ఆ క్షణమే మగ్గం ఆపి ముడివేస్తాము. బిడ్డ విషయంలో తెల్లవారనిమ్మని కూర్చుండుట న్యాయమా?