మైనపు చిత్రలేఖనము: పాఠశాలలో బోధన

పిల్లల చేతికి నిప్పు నీయరాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట సత్యము. కాని నిప్పుకడ మెలగుట నేర్పకుండ పిల్లలను పెంచుటయు ప్రమాదమే. వంటయింటిలోను, కమ్మరి కొలిమికడను, కుమ్మరి వాముకడను మనవారు వయస్సు నెఱిగి ఆ విద్యను నేర్పుచు వచ్చిరి. నేడు నేను మనవి చేయబోవు చిత్రకళయు అట్టిదే. కరగిన తేనెమైనములో రంగు కలిపి, పలకపై చిత్రము వ్రాసి, మరల వేడి తగిలించి ఆ రంగును పలకకు పట్టించు విద్య యిది. దీనిని ఉన్నత పాఠశాల పిల్లలకు ఎట్లు నేర్పవలెనో, గ్రామ పెద్దలు ఇందు ఏమి గమనింపవలెనో చెప్పెదను.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకులు దీనికి పెట్టిన పేరునకు 'కాల్చి పట్టించుట' యని అర్థము. ఐగుప్తు దేశమున ఫయూము ప్రాంతములో క్రీస్తు శకము మొదటి మూడు శతాబ్దులలో, చనిపోయినవారి ముఖచిత్రములను చెక్క పలకలపై వ్రాసి, వారి దేహములతో కూడ పూడ్చెడివారు. వానిలో అనేకము మైనపు రంగులతో వ్రాసినవి. 1888లో పెట్రీ యను ఆంగ్ల పండితుడు హవారాయను చోట త్రవ్వించినపుడు ఇట్టి పలకలు పెక్కు బయల్పడెను. పదునెనిమిది వందల యేండ్లు గడచినను ఆ కన్నులలోని తడి యారినట్లు తోచదు. మైనమునకు నీరు పట్టదు. పొడియిసుక నేలలో అవి చెడక నిలిచినవి.

మన దేశమున మైనము వేఱు దారులు త్రొక్కినది. తీరాంధ్రపు కలంకారీ అద్దకములలో, నీలిరంగు పట్టరాని చోట్ల బట్టపై మైనము పూసి, నీలి తొట్టిలో ముంచెడివారు. ఈ పద్ధతిని కోర్డూ అను ఫ్రెంచి పాదిరి 1742లో లేఖరూపమున వర్ణించి తన దేశమునకు పంపెను. ఆదిలాబాదు సీమలోని ఓజాలు మైనపు తీగెలతో బొమ్మను అల్లి, పైన మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిపోయిన చోట ఇత్తడిని పోయుదురు. బట్టపై మైనము రంగును అడ్డగించును. పోతపనిలో తాను కరగిపోయి లోహమునకు చోటిచ్చును. చిత్రలేఖనములో మాత్రము రంగును తనలో నిలుపుకొని తానును నిలిచియుండును. మొదటి రెండు విద్యలు మనకు గలవు. మూడవది నేర్చుకొనుట కష్టము కాదు.

హైదరాబాదునకు ఉత్తరమున దుండిగల్లు దాపున నున్న బౌరంపేటవంటి ఊరి పాఠశాలను తలచుకొందము. కావలసిన సరకులలో అనేకము ఆ ఊరి పెద్దలు ఎఱిగినవే. మైనము తేనెపట్టునుండి వచ్చును. దానిని గట్టిపఱచుటకు గుగ్గిలము చాలును. పరదేశములవారు వాడు డామరు బంకయు, మన సాలవృక్షపు గుగ్గిలమును ఒకే కుటుంబపు చెట్లవి. మందులలో వాడు గుగ్గులు వేఱు. ఎనిమిది పాళ్ల మైనమునకు ఒక పాలు గుగ్గిలము వాడుక. గుగ్గిలము కరగుటకు హెచ్చు వేడి కావలెను గనుక, ఆ పనిని ఉపాధ్యాయుడే ముందుగా చేసి, బట్టలో వడగట్టి, అచ్చులుగా పోసి యుంచవలెను.

రంగులకు జేగురు, పసుపుపచ్చని మట్టి, దీపపు మసి మేలైనవి. సుద్ద మైనములో కలిసినపుడు తెల్లదనము కోల్పోవును; తెలుపునకు యశద భస్మము వాడదగును. హరిదళము, ఇంగిలీకము, సీసపు సఫేదా, సీసపు సిందూరము పాతకాలపు చిత్రకారులు వాడిరి గాని, వానిలో పాషాణము, పాదరసము, సీసము గలవు. పిల్లల చేతికి అవి రానీయరాదు. పొడిరంగును మైనములో కలుపు పనియు ఉపాధ్యాయునిదే.

ఇక వ్రాయు విధము. బట్టపై వ్రాసిన మైనము మడతలలో పగులును. గావున గట్టి చెక్కపలక కావలెను. మైనము సుమారు 63 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కరగును. దానిని 80, 90 డిగ్రీల నడుమ నుంచి వ్రాయవలెను. కుంచె సహజమైన వెండ్రుకలది కావలెను. నైలాను కుంచె వేడికి వంగిపోవును. రంగు పలకను తాకిన కొన్ని క్షణములలోనే గడ్డకట్టును. ఒక పూత వేసిన పిమ్మట పైనుండి వేడిగాలి తగిలించిననే అది క్రింది పూతతో ఏకమగును. ఈ మెట్టు విడిచినచో పూతలు పొరలు పొరలుగా ఊడిపోవును.

అపాయము సంగతి దాచరాదు. మైనమును మితిమీఱి కాచినచో గొంతును కోయు పొగ వచ్చును. ఇంకను కాచిన అంటుకొనును. కావున మంట పొయ్యి పనికిరాదు. వేడిని తగ్గించి హెచ్చించు వీలున్న విద్యుత్ పొయ్యి, దానిపై దళసరి పెనము, ప్రక్కన ఉష్ణమాపకము ఉండవలెను. కిటికీలు తెఱచి యుండవలెను. ఒక మాఱు అయిదాఱుగురు పిల్లలే పని చేయవలెను. మైనము మండినచో నీరు పోయరాదు. మంట ఎగసి చిమ్మును. మూత వేసి, లేక ఇసుక చల్లి ఆర్పవలెను. చేయి కాలినచో వెంటనే చల్లని పాఱునీటిలో ఇరువది నిమిషములు ఉంచవలెను. అంటిన మైనమును బలిమిని పెఱికివేయరాదు. మీ ఊరి పాఠశాలలో ఈ పని మొదలిడుదురేని, పెద్దలు ముందుగా ఈ ఏర్పాట్లను అడిగి చూడుడు. అవి లేనిచో ఆపుడు, ఉన్నచో అడ్డుపడకుడు.

పరీక్షలు దగ్గఱ పడుచుండగా ఈ శ్రమ దేనికని కొందఱు అడుగుదురు. కాగితముపై తప్పు వ్రాసిన పిల్లవాడు దానిని చింపి పాఱవేయును. పలకపై తప్పు వ్రాసిన పిల్లవాడు మైనమును గీకి, కరగించి, మరల అదే రంగుతో వ్రాయును. ఏదియు వ్యర్థము కాదు. ఏ తప్పును చివరిది కాదు. పదవ తరగతిలో ఒక మార్కు తగ్గినంతనే బ్రతుకు ముగిసినట్లు క్రుంగిపోవు పిల్లలను మనమెఱుగుదుము. తప్పును దిద్దుకొనవచ్చునని వారికి మాటలతో ఎంత చెప్పినను చాలదు. చేతులకు అది తెలియవలెను. ఆసక్తి గల పిల్లలకు పైచదువు దారియు గలదు. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమున చిత్రకళ బోధింపబడుచున్నది.

వ్రాసిన పలకను ఎండ తగులు గోడకుగాని, రేకుల కప్పు క్రిందగాని తగిలింపరాదు, వేసవిలో మెత్తబడును. కొన్నాళ్లకు పైన తెల్లని మసక పట్టినచో మెత్తని బట్టతో తుడిచిన చాలును, రంగు మరల మెఱయును. ఆ పలకను బిడ్డ ఇంటికి తెచ్చిననాడు, ఇందు ఎన్ని తప్పులు గీకి దిద్దితివని అడుగుడు. వాడు దాచక చెప్పినచో, పాఠము వానికి వచ్చినట్లే.