తలుపు ఎందుకు మొరాయిస్తుంది?

బటన్ నొక్కారు. బీప్ మంది. తలుపు జానెడు జరిగి ఆగింది, వెంటనే వెనక్కి పోయింది. మళ్లీ నొక్కారు, మళ్లీ అంతే. కరెంటుతో నడిచే పక్క తలుపున్న క్యాంపర్ వ్యాన్ చాలా ఏళ్లు వాడినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇది. మామూలు కారులో ఒక తలుపు తెరుచుకోకపోతే ఇంకో వైపు నుంచి దిగిపోతాం. క్యాంపర్ వ్యాన్‌లో మంచం, పొయ్యి, ఫ్రిజ్, బట్టల అర అన్నీ ఆ ఒక్క తలుపు వెనకే ఉంటాయి. అది బిగుసుకుంటే ఇంటి సింహద్వారం మూసుకుపోయినట్టే.

ఇలాంటప్పుడు చాలామందికి ముందు వచ్చే ఆలోచన మోటారు పోయిందని. కానీ జానెడు జరిగి వెనక్కి వెళ్లిందంటే మోటారు శుభ్రంగా పనిచేస్తోందన్నమాట. తలుపు కదలలేకపోవడం వేరు, కదలనని మొరాయించడం వేరు. ఈ రెండిట్లో ఏది జరుగుతోందో తేల్చుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే. తేల్చుకోవాలంటే, ఈ తలుపు ఎక్కడ పుట్టిందో, దానికి అనుమానించే గుణం ఎలా అబ్బిందో కొంచెం తెలియాలి.

మనలో చాలామందికి పక్కకు జరిగే తలుపును పరిచయం చేసింది 1984లో వచ్చిన మారుతి వ్యాన్. తర్వాత ఓమ్నీ అన్న పేరుతో స్కూలు పిల్లల్నీ, పెళ్లివాళ్లనీ, సినిమాల్లో కిడ్నాప్ అయినవాళ్లనీ మోసింది అదే. చేత్తో లాగితే గరగరమంటూ జరిగే ఆ తలుపులో ఒక రేకు, మూడు గాడులు, కొన్ని రోలర్లు, ఒక గడియ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. అందుకే ఎంత పాతబడ్డా నాలుగు చుక్కల నూనె వేస్తే మాట వినేది.

దాని పూర్వీకుల కోసం జర్మనీ వెళ్లాలి. ఫోక్స్‌వ్యాగన్ కార్లను దిగుమతి చేసుకునే బెన్ పోన్ అనే డచ్ వ్యాపారి 1947 ఏప్రిల్‌లో తన నోటుపుస్తకంలో ఒక డబ్బా ఆకారం గీశాడు. 1950 మార్చిలో అదే వ్యాన్‌గా తయారవడం మొదలైంది. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా కంపెనీ దాంట్లో మంచాలు, అరలు అమర్చే సామగ్రి తయారు చేయడంతో క్యాంపర్ వ్యాన్లకు ఒక దారి ఏర్పడింది. మొదటి తరం వ్యాన్లకు సాధారణంగా బయటికి తెరుచుకునే జంట రెక్కల తలుపులుండేవి. ఇరుకు వీధిలో గోడ పక్కన ఆపితే అవి పూర్తిగా తెరుచుకోవు, ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లకు తగులుతాయి. 1967లో వచ్చిన రెండో తరం వ్యాన్‌కు పక్కకు జరిగే తలుపును మామూలు ఏర్పాటుగా ఇచ్చారు. అమెరికాలో అంతకుముందే, 1954లో, కైజర్ డారిన్ అనే స్పోర్ట్స్ కారు తలుపులు ముందు చక్రాల పైనున్న రేకులోకి జారిపోయేలా చేశారు. 435 కార్లతోనే ఆ కథ ముగిసింది. ఆ తలుపులు తరచూ ఇరుక్కుపోయేవి. జరిగే తలుపుకు ఇరుక్కోవడమనే జబ్బు పుట్టుకతోనే ఉందన్నమాట.

1983 చివర్లో క్రైస్లర్ మినీవ్యాన్లు వచ్చి అమెరికన్ కుటుంబాల ప్రయాణాన్నే మార్చేశాయి. ఒక చేతిలో చంటిపిల్ల, ఇంకో చేతిలో సామాన్ల సంచి ఉన్న తల్లి బరువైన తలుపును లాగలేదు కదా. 1990ల మొదటి సగంలో జనరల్ మోటార్స్ తన మినీవ్యాన్లలో బటన్ నొక్కితే జరిగే తలుపును పెట్టింది. జపాన్‌లో 2002లో వచ్చిన టయోటా ఆల్ఫార్డ్ లాంటి పెద్ద వ్యాన్లలో అది హోదాకు గుర్తయింది. అక్కడ కొన్నేళ్లు తిరిగిన ఆల్ఫార్డ్‌లు ఓడలెక్కి బ్రిటన్ చేరి, పైకప్పు కోయించుకుని, లోపల పొయ్యీ మంచమూ పెట్టించుకుని క్యాంపర్లుగా రెండో జీవితం గడుపుతున్నాయి. మన దగ్గర కరెంటు తలుపుల కియా కార్నివాల్‌ను 2020 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో బిగించారు. ఓమ్నీ తలుపు లాగి అలవాటైన జిల్లాలోనే దాని ముదిమనవడు తయారవడం నాకు చాలా నచ్చిన సంగతి.

ఇక లోపలికి వద్దాం. తలుపును మోసేవి ఇప్పటికీ ఆ మూడు గాడులే: కింద మెట్టు దగ్గర ఒకటి, పైకప్పు అంచున ఒకటి, వెనక అద్దం కింద బయటికి గీతలా కనిపించేది ఒకటి. మోటారు ఒక చిన్న డ్రమ్మును తిప్పుతుంది. డ్రమ్ముకు చుట్టిన ఉక్కు కేబుల్ ఒక కొస లాగుతుంటే రెండో కొస వదులుతుంది, తలుపు ముందుకో వెనక్కో జరుగుతుంది. చాలా బండ్లలో మోటారుకూ డ్రమ్ముకూ మధ్య ఒక విద్యుదయస్కాంత క్లచ్ ఉంటుంది. కరెంటు తీసేస్తే అది విడిపోతుంది కాబట్టి తలుపును చేత్తో జరపవచ్చు. చివరి అంగుళం పని వేరే చిన్న మోటారుది. సగం పడ్డ గడియను పట్టుకుని లోపలికి గట్టిగా లాగి పూర్తిగా బిగిస్తుంది.

పదుల కిలోల బరువున్న తలుపును మోటారు చేతికి అప్పగిస్తే పిల్లల వేళ్లు ఏమవ్వాలి? అక్కడ ఆదుకున్నది ఒక పాత ప్రయోగం. 1879లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేస్తున్న ఎడ్విన్ హాల్, సన్నని బంగారు రేకులో కరెంటు పారిస్తూ దాన్ని అయస్కాంతం ధ్రువాల మధ్య పెట్టాడు. కరెంటు పారే దిశకు అడ్డంగా, రేకు రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజి పుట్టింది. అయస్కాంతం ఉనికిని తాకకుండానే పసిగట్టే ఉపాయం దొరికిందన్నమాట. ఇప్పుడు తలుపు మోటారులో తిరిగే చిన్న అయస్కాంతం పక్కన కూర్చున్న హాల్ సెన్సర్ చేసే పని అదే. మోటారు తిరిగేకొద్దీ అది వరసగా పల్సులు పంపుతుంది. కంట్రోల్ యూనిట్ వాటిని లెక్కపెట్టి తలుపు ఎంత దూరం వచ్చిందో తెలుసుకుంటుంది. పల్సుకూ పల్సుకూ మధ్య పట్టిన సమయాన్ని బట్టి వేగం తెలుసుకుంటుంది. ఫలానా చోట ఫలానా వేగం ఉండాలని దానికి ముందే తెలుసు. అక్కడ వేగం పడిపోతే, లేదా మోటారు మామూలుకంటే ఎక్కువ కరెంటు లాగితే, అడ్డం ఏదో ఉందని తీర్మానించి తలుపును వెనక్కి తిప్పుతుంది. చాలా బండ్లలో తలుపు అంచున నొక్కితే తెలిసిపోయే రబ్బరు పట్టీ కూడా ఉంటుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. కంట్రోల్ యూనిట్‌కు కళ్లు లేవు. గాడిలో ఇరుక్కున్న ఇసుక, అరిగిపోయిన రోలరు, చలికి గట్టిపడ్డ గ్రీజు, నీరసపడ్డ బ్యాటరీ, పిల్లవాడి చెయ్యి అన్నీ దానికి ఒకే రకంగా తెలుస్తాయి: వేగం తగ్గింది. అనుమానం వచ్చిన ప్రతిసారీ అది చెయ్యి అనుకునే వెనక్కి తగ్గుతుంది. అలా తగ్గాలి కూడా. అందుకే జానెడు జరిగి వెనక్కి పోయే తలుపును చెడిపోయిన తలుపు అనడానికి నాకు మనసొప్పదు. దానికి ఏం తగులుతోందో కనుక్కోవడం మన పని.

క్యాంపర్ వ్యాన్ ఈ తలుపుకు పెట్టే పరీక్షలు మరే బండీ పెట్టదు. బీచ్ ఇసుకతో నిండిన చెప్పులు రోజూ ఆ కింది గాడి మీదుగానే వెళ్తాయి. బండి ముక్కు కిందికి వాలిన ఏటవాలులో ఆపితే, వెనక్కి జరిగి తెరుచుకునే తలుపు ఎగువకు ఎక్కాల్సివస్తుంది. బండిని సమం చేయడానికి ఒకే చక్రం కింద దిమ్మ పెడితే బాడీ కాస్త మెలి తిరిగి గాడుల వరస తప్పవచ్చు. చలి ఆపడానికి గోడల్లో కూరిన దూది, పైన బిగించిన చెక్క పలకలు కేబుల్ దారిలోకి వచ్చిన సందర్భాలుంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది బ్యాటరీ. బాగా అమర్చిన క్యాంపర్‌లో ఫ్రిజ్, లైట్లు వేరే బ్యాటరీ మీద నడుస్తాయి. తలుపు మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీనే నమ్ముకుంటుంది. రెండిటినీ కలిపే రిలే సరిగా లేకపోయినా, ఎవరో ఫోన్ ఛార్జర్లూ ఫ్యానూ ఈ బ్యాటరీకే తగిలించినా, రెండు రోజుల మకాం తర్వాత తలుపు దగ్గరే ముందుగా బయటపడుతుంది.

అందువల్ల మొదట చేయాల్సింది ఖర్చులేని పని. చాలా బండ్లలో డాష్‌బోర్డు దగ్గర కరెంటు తలుపును పూర్తిగా ఆపే మెయిన్ స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపి, బండిని చదునైన నేల మీద పెట్టి, తలుపును చేత్తో మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా జరపండి. ఒకచోట బరువెక్కితే జబ్బు గాడిలోనో, రోలరులోనో, కేబుల్‌లోనో ఉంది. బ్రష్‌తో, వాక్యూమ్‌తో గాడి శుభ్రం చేయకుండా గ్రీజు పూయకండి. ఇసుకతో కలిసిన గ్రీజు సానరాయి పని చేస్తుంది. కేబుల్ పోగులు లేచి ఉంటే వట్టి చేత్తో తాకొద్దు. హాయిగా జరిగితే మల్టీమీటర్ తీయండి. నిండుగా ఛార్జ్ అయిన సీసం బ్యాటరీ పని లేనప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఆ అంకె ఒక్కటే చాలదు. తలుపు బటన్ నొక్కినప్పుడు అది ఎంతకు పడిపోతోందో చూడాలి. ఇంజిన్ స్టార్ట్ చేయగానే తలుపు బుద్ధిగా జరిగితే ఇక మోటారును అనుమానించక్కర్లేదు.

బటన్ నొక్కితే అసలు చప్పుడే లేకపోతే కథ వేరు. ముందు చైల్డ్ లాక్, మెయిన్ స్విచ్ చూడండి. పెట్రోలు మూత కూడా చూడాలి. చాలా మినీవ్యాన్లలో ఆ మూత తెరిచి ఉంటే ఆ వైపు తలుపు జరగదు, మూత దగ్గరి స్విచ్ చెడితే మూత వేసినా జరగదు. తర్వాత ఫ్యూజు. పోయిన ఫ్యూజును అదే ఆంపియర్లున్నదానితో ఒక్కసారి మార్చి చూడవచ్చు. మళ్లీ పోతే కారణం దొరికేదాకా ఆగాలి. ఎక్కువ ఆంపియర్లది పెట్టడం బండికి నిప్పు పెట్టడంతో సమానం.

ఇవన్నీ బాగుండీ తలుపు ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేస్తే, బాడీ నుంచి తలుపులోకి కరెంటు తీసుకెళ్లే వైర్ల కట్టను చూడండి. గొలుసులా మడతపడే ప్లాస్టిక్ కవచంలోనో, రబ్బరు గొట్టంలోనో ఉండే ఆ వైర్లు తలుపు జరిగిన ప్రతిసారీ ఒకే చోట వంగి లేస్తాయి. బయట తొడుగు చెక్కుచెదరదు, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. బ్యాటరీ తీగ విప్పేసి, కవచం తెరిచి, ఒక్కో వైరును రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాలి. బాగున్న వైరు కదలదు. లోపల తెగిన వైరు ఆ చోట మెత్తగా సాగుతుంది, ఇంకాస్త లాగితే తొడుగు సన్నబడుతుంది. అక్కడ కోస్తే పచ్చగా చిలుము పట్టిన రాగి కనిపిస్తుంది. అతుకు వేసేటప్పుడు వంగే చోట కాకుండా దూరంగా, పలచని పోగులెక్కువున్న మెత్తని వైరుతోనే వేయాలి. మోటారు యూనిట్ మొత్తం మార్చాలని ఏ గ్యారేజీ చెప్పినా, ఈ వైర్లు చూశారా అని ముందు అడగండి. వేల రూపాయలకూ పదుల రూపాయలకూ ఉన్న తేడా ఈ ఒక్క ప్రశ్నలో ఉండవచ్చు.

తలుపు పూర్తిగా వచ్చి, మూసుకున్నట్టే మూసుకుని మళ్లీ తెరుచుకుంటే గడియను పట్టించుకోవాలి. గడియలోని చిన్న స్విచ్ 'పడింది' అని చెప్పకపోతే కంట్రోల్ యూనిట్ నమ్మదు. దీన్ని రేపు చూద్దామని వదిలేసి రోడ్డెక్కకూడదు. 2016 నవంబరులో టయోటా 2011 నుంచి 2016 మోడళ్ల సియెనా వ్యాన్లను లక్షల్లో వెనక్కి పిలిచింది. మంచు లాంటిదేదో తలుపును పట్టేసినప్పుడు మోటారు సర్క్యూట్ మీద భారం పడి ఫ్యూజు పోవచ్చు. సరిగ్గా గడియ విడివడి ఉన్న క్షణంలో అది పోతే, బండి నడుస్తుండగా తలుపు తెరుచుకునే ప్రమాదం ఉంది. అమెరికాలోని మన తెలుగు ఇళ్ల ముందు కూడా సియెనాలు కనిపిస్తాయి. పాత బండి కొన్నవాళ్లు దాని రీకాల్ పని జరిగిందో లేదో నంబరుతో సరిచూసుకోవడం మేలు.

బ్యాటరీ విప్పి మళ్లీ పెట్టాక తలుపు బటన్‌కు స్పందించకపోతే భయపడక్కర్లేదు. కంట్రోల్ యూనిట్ తన పల్సుల లెక్క మరిచిపోయింది, అంతే. చాలా బండ్లలో తలుపును చేత్తో పూర్తిగా మూస్తే సున్నా ఎక్కడుందో దానికి తెలుస్తుంది. ఆ తర్వాత బటన్‌తో ఒకసారి చివరిదాకా తెరిచి, మధ్యలో ఆపకుండా మూయాలి. సరైన వరస బండిని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూసుకోవాలి.

లెక్క కుదిరాక ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. 2023లో అమెరికాలో కియా అర లక్షకు పైగా కార్నివాల్‌లను రీకాల్ చేసింది. మూసుకునే తలుపు మనిషికి తగిలినప్పుడు తగినంతగా వెనక్కి తగ్గక గాయపరచవచ్చన్నది కారణం. అవి మన ఎర్రమంచి బండ్లు కావు. అక్కడ మార్చింది మోటారును కాదు, సాఫ్ట్‌వేర్‌ను. రిపేరు చేసిన తలుపుకూ ఈ పరీక్ష తప్పదు. అట్టను చుట్టగా చుట్టి, మూసుకునే తలుపు దారిలో మోకాలి ఎత్తున ఒకసారి, నడుము ఎత్తున ఒకసారి, పిల్లవాడి తల ఎత్తున ఒకసారి పెట్టి చూడండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు. మూడుచోట్లా అట్ట నలగకుండా తలుపు వెనక్కి పోవాలి. ఒక్కచోట నలిగినా మెయిన్ స్విచ్ ఆపేసి, మెకానిక్ చూసేదాకా ఆ తలుపును చేత్తోనే జరుపుకోండి.