నిన్నటి రొట్టె... నేటి తీపి!

ఫ్రెంచి మిఠాయిలనగానే అద్దాల బీరువాల్లో వరుసగా పేర్చిన రంగురంగుల కేకులే మన కళ్ళముందు మెదులుతాయి. పొరలు పొరలుగా పిండి, పైన క్రీమూ, దానిమీద పండ్లూ... ‘‘అవన్నీ మన ఇంట్లో అయ్యే పనేనా!’’ అని పేజీ తిప్పేస్తాం. నిజానికి ఫ్రాన్సులోనూ చాలామంది గృహిణులు అలాంటివి ఇంట్లో చెయ్యరు. ఆదివారమో పండగో వస్తే కొట్టుకెళ్ళి కొనుక్కొస్తారు, మనం పూతరేకులు కొనుక్కున్నట్టే! ఇంట్లో చేసుకునేవి వేరే ఉన్నాయి. పాలు, గుడ్లు, పంచదార, వెన్న, కాస్త మైదా... సరంజామా అంతా ఇంతే.

పారెయ్యకుండా పుట్టిన తీపి

అక్కడ రొట్టె ఏ రోజుకారోజు తాజాగా కొంటారు. పొడుగాటి బాగెట్ రొట్టె మర్నాటికల్లా కర్రలా గట్టిపడిపోతుంది. దాన్ని పారెయ్యడానికి మనసొప్పని ఇల్లాళ్ళ వంటకమే ‘పాన్ పెర్ద్యూ’. ‘పనికిరాకుండా పోయిన రొట్టె’ అని ఆ పేరుకి అర్థం.

మనకైతే రెండు రోజుల నాటి బ్రెడ్డు చాలు. ఆరు స్లైసులకి ఒక కప్పు పాలు, రెండు గుడ్లు, రెండు చెంచాల పంచదార, చిటికెడు దాల్చినచెక్క పొడి తీసుకోండి. అన్నీ కలిపి గిలక్కొట్టి, అందులో బ్రెడ్డుని రెండు వైపులా ముంచి తీసి, పెనం మీద వెన్న వేసి సన్నని సెగన ఎర్రగా కాల్చండి. తాజా బ్రెడ్డయితే పాలలో చితికిపోతుంది. ఎండినదే బాగుంటుంది.

మన ఇళ్ళల్లో ఎండిన బ్రెడ్డుముక్కా, రాత్రి మిగిలిన అన్నమూ ఎవరి కంచంలోకి చేరతాయో వేరే చెప్పాలా? ‘‘పారెయ్యడమెందుకు, నేను తినేస్తాలే’’ అన్న మాట మన నోట ఎంత సులువుగా వచ్చేస్తుందో! పాన్ పెర్ద్యూలో నాకు నచ్చింది ఇదే. మిగిలినదాన్ని ఇల్లాలి వాటా చెయ్యకుండా, ఇంటిల్లిపాదీ ప్లేట్లు పట్టుకుని ఎదురుచూసే వంటకంగా మార్చేశారు.

అట్ల తద్దిలాంటి పండగ

మనకి అట్ల తద్ది ఉన్నట్టే వాళ్ళకీ అట్ల పండగ ఒకటుంది. ఫిబ్రవరి 2న ‘షాండ్లర్’ నాడు ప్రతి ఇంటా ‘క్రెప్’లు పోస్తారు. ఒక చేత్తో నాణెం పట్టుకుని, రెండో చేత్తో పెనాన్ని ఎగరేసి అట్టు తిప్పగలిగితే ఆ ఏడాదంతా డబ్బుకి లోటుండదని వాళ్ళ నమ్మకం.

125 గ్రాముల మైదాలో రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు వేసి, పావు లీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. కరిగించిన వెన్న రెండు చెంచాలు వేసి గంటసేపు పక్కన పెట్టండి. నాన్‌స్టిక్ పెనం మీద రవ్వదోశ కన్నా పలచగా పొయ్యండి. పైన పంచదార చల్లి నిమ్మరసం పిండినా, జామ్ రాసి మడిచినా సరే. ఎనిమిది దాకా వస్తాయి.

ఇడ్లీ పాత్రలో క్రెమ్ కారమెల్

ముందుగా నాలుగు చెంచాల పంచదారని ఒక చెంచా నీళ్ళతో గిన్నెలో కరిగించి, ముదురు తేనెరంగు రాగానే దించి, గిన్నె అడుగంతా పరుచుకునేలా తిప్పండి. ఈ పాకం మీద పడితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అర లీటరు పాలు గోరువెచ్చగా చేసి, నాలుగు గుడ్లు, వంద గ్రాముల పంచదార, కాస్త వెనిల్లా ఎసెన్సు కలిపి వడగట్టి, పాకం గట్టిపడిన గిన్నెలో పొయ్యండి. ఆవిరి నీళ్ళు పడకుండా మూతపెట్టి, ఇడ్లీ పాత్రలో సన్నని సెగమీద ముప్ఫై, నలభై నిమిషాలు ఉంచండి. మంట ఎక్కువైతే లోపల చిల్లులు పడతాయి. చల్లారాక నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, చాకుతో అంచులు వదులు చేసి పళ్ళెంలోకి బోర్లించండి.

కొలతకి పెరుగు కప్పే!

ఫ్రాన్సులో చాలామంది పిల్లలు మొట్టమొదట నేర్చుకునే కేకు పెరుగు కేకు. త్రాసు అక్కర్లేదు. 125 గ్రాముల పెరుగు కప్పు ఖాళీ చేసి, దానితోనే అన్నీ కొలుస్తారు. ఒక కప్పు పెరుగుకి రెండు కప్పుల పంచదార, మూడు కప్పుల మైదా, అరకప్పు వాసనలేని నూనె, మూడు గుడ్లు, రెండు టీ స్పూన్ల బేకింగ్ పౌడరు. అన్నీ కలిపి, వెన్న రాసిన గిన్నెలో పోసి, 180 డిగ్రీల ఓవెన్‌లో 35, 40 నిమిషాలు ఉంచితే చాలు. పుల్ల గుచ్చితే పిండి అంటుకోకూడదు. ఓవెన్ లేనివాళ్ళు పాత దళసరి గిన్నెలో ఇసుక పోసి, వేడెక్కాక మధ్యలో కేకు గిన్నె పెట్టి మూతపెట్టుకోవచ్చు. కాస్త ఎక్కువ సమయం పడుతుంది.

గుడ్డు ముట్టనివాళ్ళు నిరాశపడక్కర్లేదు. పాడి సమృద్ధిగా ఉన్న నార్మండీ ప్రాంతంలో ‘టర్గూల్’ అనే పరమాన్నం చేస్తారు. బియ్యం, చిక్కటి పాలు, పంచదార, దాల్చినచెక్క మట్టి పాత్రలో పోసి, సన్నని సెగ ఓవెన్‌లో గంటల తరబడి వదిలేస్తారు. పైన కట్టిన గోధుమరంగు మీగడ కోసం పిల్లలు పోట్లాడుకుంటారంటే మనకి అర్థం కాదా!

పేరు మిగిలిన అక్కచెల్లెళ్ళు

ఇలాంటి వంటలకి కనిపెట్టినవాళ్ళ పేర్లు సాధారణంగా ఉండవు. ‘అమ్మమ్మ పద్ధతిలో’ అని హోటళ్ళ మెనూ కార్డుల మీద కూడా రాసుకుంటారు కానీ, ఏ అమ్మమ్మో ఎవరికీ తెలియదు. ‘టార్ట్ టాటిన్’ మాత్రం అదృష్టం చేసుకుంది. 19వ శతాబ్దం చివర లామోట్ బ్యూవ్రోన్ అనే చిన్న ఊళ్ళో స్టెఫానీ, కారొలిన్ టాటిన్ అనే అక్కచెల్లెళ్ళు హోటల్ నడిపేవారు. ఆపిల్ ముక్కల్ని వెన్న, పంచదారల్లో మగ్గనిచ్చి, పైన పిండి పరిచి కాల్చి, వడ్డించేముందు తిరగేసే తీపి వాళ్ళ పేరుతోనే పారిస్ పెద్ద హోటళ్ళ దాకా వెళ్ళింది.

మన ఇళ్ళల్లోనూ ఎవరికో ఒకరికి చేతివాటంగా వచ్చిన పిండివంట ఒకటుంటుంది. ఈసారి చేసినప్పుడు కొలతలు కాగితం మీద పెట్టి, పైన ఆ మనిషి పేరు కూడా రాయండి. ఇక ఈ ఆదివారం పాన్ పెర్ద్యూ చేస్తే, మొదటి ముక్క వేడివేడిగా మీరే తినండి. చల్లారిన ఆఖరి ముక్క మరెవరికైనా వదిలెయ్యండి!