మీకు తెలుసా? ఇంటి నుంచి షెడ్డుకు కరెంటు

తిరుపతి, చిత్తూరు వైపు ఇంటి పక్కనే కారు షెడ్డో, ఆవుల కొట్టమో ఉండటం మామూలే. అక్కడికి లైను లాగే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి. ఈ సంగతులు మాత్రం మీరూ తెలుసుకోండి.

• ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే చాలు, 0.3 సెకన్లలోపే సరఫరా ఆపేస్తుంది. దాని టెస్ట్ మీటను అప్పుడప్పుడూ నొక్కి చూడాలి. ట్రిప్ కాకపోతే మార్చాల్సిందే.

• నేలలో వేసే కేబుల్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 చెప్పే లోతు 75 సెంటీమీటర్లు. చుట్టూ ఇసుక పోసి, పైన ఇటుకలు పరిస్తే రేపు ఎవరు పలుగు వేసినా ముందు ఇటుకే తగులుతుంది.

• రాతినేలలో, ఎండిన మట్టిలో ఎర్తింగ్ సరిగా పనిచేయదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీళ్లు పోసేది అందుకే.

• మనిషిని ఏమీ చేయని లీకేజీ ఆవును చంపొచ్చు. దాని ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ. ఆ మధ్యలో పారే కరెంటు గుండె మీదుగా పోతుంది.

• బట్టలు ఆరేసే ఇనుప దండేన్ని సర్వీసు వైరు దగ్గర కట్టకూడదు. వైరు తొడుగు ఒరుసుకుపోతే దండెమంతా కరెంటే.

• షెడ్డును దుకాణంగా మారిస్తే ఇంటి మీటరు కరెంటు వాడకూడదు. వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలి.

• తిరుపతిలోనే ప్రధాన కార్యాలయమున్న కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ ఫిర్యాదుల నంబరు 1912. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా వెంటనే ఫోన్ చేయండి.