అభిజ్ఞాన ఫలకము

కాళిదాసు నాటకములో శకుంతల పోగొట్టుకొన్నది ఒక చిన్న ఉంగరము. అది నీటిలో జారిపోయినందున రాజసభలో ఆమె మాటకు ఆధారము లేకపోయినది. ఆ ఉంగరమే చేత చిక్కినందున పాపము, జాలరి దొంగయని పట్టుబడినాడు. గుర్తు యజమానిని విడిచిపోయినపుడు పోగొట్టుకొన్నవారికి ఒక కష్టము, దొరికినవారికి మరియొక కష్టము. ఈనాటి మోటారుకారు నంబరు పలక విషయమునను జరుగునది ఇంచుమించుగ ఇదియే. అది పరదేశమున పోయినచో కష్టము రెట్టింపగును.

పలక చరిత్ర కొంత తెలిసికొనిన, ఈ చిక్కు ఎక్కడ పుట్టినదో తెలియగలదు. 1893 ఆగస్టు 14వ తేదీన ప్యారిసు నగరమున ఒక పోలీసు ఉత్తరువు వెలువడినది. ప్రతి మోటారు బండికిని ఎడమవైపున ఒక లోహపు పలక ఉండవలెననియు, దానిపై యజమాని పేరు, చిరునామా, బండి సంఖ్య స్పష్టముగా కనబడవలెననియు, దానిని ఎన్నడును కప్పియుంచరాదనియు దాని సారాంశము. అనగా తొలినాటి పలక మనిషిని పేరుతోను ఊరితోను పరిచయము చేసెడిది. కాలక్రమమున పేరు పోయినది, వీధి పోయినది. సంఖ్య మాత్రము మిగిలినది. పేరును, చిరునామాయు ప్రభుత్వపు పట్టికలలో ఒదిగిపోయినవి. ఆ పట్టికకును బాటమీది బండికిని నడుమ దూరమునుండి చూచువారికి కనబడు లంకె ఆ రేకు ఒక్కటే. కావున రేకు పోయినదన్నచో పోయినది లోహము కాదు. ఒకరి పేరు పరుల చేతిలో పడినదన్నమాట.

మన తెలుగు విద్యార్థులును, ఇంజనీర్లును పలువురు నివసించుచున్న జర్మనీ దేశమునే తీసికొందము. అక్కడ పలకను చేయించుట కష్టము కాదు. రిజిస్ట్రేషను కచేరీల చెంతనే పలకలను ముద్రించు చిన్న దుకాణములుండును. కొద్ది నిమిషములలో రేకుపై అక్షరములు ఉబికి వచ్చును. కాని అంతవరకు అది వట్టి రేకు. కచేరీలో ఉద్యోగి దానిపై రాష్ట్ర చిహ్నము గల ముద్రను అంటించిన పిమ్మటనే అది పలక యగును.

పలక పోయినదని తెలియజేసినపుడు ఆ కచేరీ పాత సంఖ్యను మరల ఇచ్చుట లేదు. ఆ సంఖ్యనే విరమింపజేయుచున్నది. సాధారణముగా పదేండ్లవరకు దానిని ఎవ్వరికిని కేటాయింపరు. ఒక పలకయే పోయినను రెండవదానిని తెచ్చి అప్పగింపవలెను. బండికి క్రొత్త సంఖ్య వచ్చును. దానితో రిజిస్ట్రేషను పత్రములు మారును, బీమా కంపెనీకి తెలుపవలెను. నగరములలో కాలుష్య నియంత్రణకై ముందరి అద్దమునకు అంటించు బిళ్లపై బండి సంఖ్య వ్రాసి యుండును గనుక ఆ బిళ్లయు మార్చుకొనవలెను. ఒక చిన్న రేకు కదలినందుకు ఇన్ని కాగితములు కదలుచున్నవి.

ఇందు పరదేశికి మరియొక చిక్కు కలదు. స్థానికుని గుర్తింపు కార్డుపై అతని నివాసము ముద్రింపబడి యుండును. పరదేశి చూపునది పాస్‌పోర్టు. మనవారి పాస్‌పోర్టు చివరి పుటలో తరచుగా కనబడునది స్వగ్రామపు చిరునామా. ఆ కచేరీకి కావలసినది గుంటూరులోనో, వరంగల్లులోనో ఉన్న ఇల్లు కాదు. ఆ నగరములో నేడు నివసించుచున్న ఇల్లు. అందుచేత నివాస నమోదు పత్రమును వెంట తీసికొని పోవలెను. బండి తనదని నిరూపించుటకు ముందు, తానిచ్చటివాడనని నిరూపించుకొనవలసి వచ్చును.

నెదర్లాండ్సు దేశము వేరొక మార్గము త్రొక్కినది. అక్కడ బండి సంఖ్య మారదు. పోయిన పలకకు బదులు చేసిన పసుపుపచ్చని క్రొత్త పలకపై, అక్షరముల నడుమనుండు అడ్డగీతకు పైన, ఒక చిన్న అంకె వేయుదురు. మొదటి మారు పోయినచో 1, రెండవ మారు పోయినచో 2. ఆ అంకె లేని పాత పలక ఎవరి బండికి కనబడినను అది చెల్లనిదని తెలిసిపోవును. పేరు నిలిచినది, రేకు మారినది. రెంటికిని గల భేదమును ఒక చిన్న అంకె చెప్పుచున్నది. మనదేశమున 2019 ఏప్రిల్ 1 నుండి క్రొత్త బండ్లకు విధించిన హై సెక్యూరిటీ పలకలలోను ఇట్టి ఆలోచనయే కలదు. బండి సంఖ్యగాక, ఆ పలకకే ప్రత్యేకమైన సంఖ్య లేజరుతో దానిపై చెక్కబడి యుండును.

బ్రిటనులో పాత సంఖ్యతోనే క్రొత్త పలక చేయించుకొనవచ్చును. పోయినదానికిని వచ్చినదానికిని పైకి భేదము కనబడదు. కనుక అక్కడ కాపలా దుకాణమునొద్దనే పెట్టినారు. ఇంగ్లండు, వేల్సులలో 2003 నుండి నమోదైన వర్తకులే పలకలను అమ్మవలెను. కొనువాని గుర్తింపును, ఆ సంఖ్యపై అతనికి గల హక్కును చూచి మరీ ఈయవలెను.

మార్గములు మూడైనను, మూటికిని మూలమైన భయము ఒక్కటే. పోయిన పలకను మరియొకడు తన బండికి తగిలించుకొని వేగముగా పోయినను, పెట్రోలు పోయించుకొని సొమ్ము చెల్లింపక పారిపోయినను, తాఖీదు వచ్చునది అసలు యజమాని ఇంటికే. పరాయి భాషలో, పరాయి అధికారి ఎదుట, “ఆనాడు నేనక్కడ లేను” అని నిరూపించుట సామాన్యమైన పని కాదు. మేకు సడలి పలక ఏ బాటలోనో రాలియుండవచ్చును. దొంగయే విప్పుకొని పోయియుండవచ్చును. ఏది జరిగినదో తెలియనపుడు రెండవదే జరిగినదని తలంచుట వివేకము.

కనుక అట్ట ముక్కపై సంఖ్య వ్రాసి కట్టుకొని నాలుగు దినములు గడుపుదమనుట ప్రమాదకరము. మొదట పోలీసులకు తెలిపి, ఆ ఫిర్యాదు ప్రతిని తీసికొనవలెను. పిమ్మట కచేరీకి, ఆపైన దుకాణమునకు పోవలెను. ఫిర్యాదుపై నున్న తేదీయే తరువాత అతని పక్షమున పలుకు సాక్షి. విదేశములకు పోవు మన విద్యార్థులకు అక్కడి భాషలో నాలుగు మాటలు నేర్పువారు, పోయిన వస్తువును గూర్చి ఆనాడే ఫిర్యాదు వ్రాయు పద్ధతిని కూడ నేర్పిన మేలు.